కొత్త భవనము, దాని చుట్టు నేల

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మేము సమాచార శాఖ వారము. మీ ఊరిలో బడి గాని, ఆరోగ్య ఉపకేంద్రము గాని, పంచాయతీ కార్యాలయము గాని కొత్తగా కట్టునప్పుడు శంకుస్థాపననాడు ఒకసారి, ప్రారంభోత్సవమునాడు మరియొకసారి మేము వచ్చెదము. రిబ్బను కత్తిరించుట, శిలాఫలకము మీది తెర తొలగించుట, ఆ పిమ్మట పెద్దలందరు ఆవరణలోనికి నడచి ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్క నాటుట, ఇవన్నియు ఫొటోలు తీయించి పత్రికలకు పంపెదము. ఇరువది సంవత్సరముల ఉద్యోగములో మేము తీయించిన ఇట్టి ఫొటోలకు లెక్క లేదు. ఆ మొక్కలకు మరుసటి యేడు ఫొటో తీయించిన సందర్భములు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నేటి మా మాటలు ఆ రెండవ ఫొటోను గురించినవి.

కొన్ని సంవత్సరముల క్రిందట మెట్టప్రాంతపు గ్రామమొకదానిలో బడికి కొత్త భవనము కట్టిరి. భవనము మంచిది. గోడలు నిటారుగా, కిటికీలు వెడల్పుగా ఉన్నవి. దానిలో లోపమెంచుటకు మాకు కారణము లేదు. పాత బడి ఆవరణలో మూడు వేపచెట్లు, ఒక కానుగచెట్టు ఉండెడివట. కంకర, ఇటుకలు దింపుటకు లారీ తిరుగు చోటు కావలెనని వాటిని కొట్టివేసిరి. భవనము వాటి చోట రాలేదు, గమనింపుడు. లారీ వాటి చోట తిరిగినది. పని ముగిసిన తరువాత, ఆవరణ శుభ్రముగా ఉండునని దాదాపు స్థలమంతయు కాంక్రీటు పరచిరి. ప్రారంభోత్సవమునాడు గోడవెంట మిగిలిన మట్టిలో 25 మొక్కలు నాటించి, ఇనుప కంచెలు పెట్టించి, మేము యథావిధిగా ఫొటో తీయించితిమి.

మరుసటి వేసవిలో ఆ బడిని గురించి వ్యాసము వ్రాయుటకు మరల పోయితిమి. కంచెలు 25 ఉన్నవి. ఇరువదినాలుగింటిలో మొక్కలు లేవు. వంటగది వెనుకనున్న ఒక్క కంచెలో మాత్రము కానుగమొక్క మా భుజము ఎత్తున పెరిగి ఉన్నది. మధ్యాహ్న భోజనము వండు ఆమెను పిలిచి, ‘అమ్మా, దీనికి నీళ్లు పోసినది ఎవరు?’ అని అడిగితిమి. ‘ఎవరూ పొయ్యలేదండీ. బియ్యం కడిగిన కడుగు నేను అటు పారబోస్తా, అంతే’ అని ఆమె చెప్పినది.

ఆ మధ్యాహ్నము పిల్లలు పళ్లెములు పట్టుకొని వరండాలో ఇరుకుగా రెండు వరుసలు కూర్చుండిరి. పూర్వము చెట్లక్రింద తినెడివారట. కాంక్రీటు మీద ఆ వేళ చెప్పులు లేక అడుగు మోపుటకు వీలులేదు; మేము మోపి చూచితిమి. ఆ యేడే ఆశ్వయుజ మాసములో ఒక రాత్రి గట్టివాన కురిసినది. బడి ఆవరణ కొంచెము ఎత్తు. దిగువన అంగన్‌వాడీ కేంద్రము. కాంక్రీటు మీది నీరంతయు ఒక్క పెట్టున దిగువకు దిగి, అంగన్‌వాడీ గుమ్మము దాటి, పిల్లల బియ్యపు బస్తాలను తడిపినది. పాత బడి ఉన్న కాలములో నీరు అట్లు వచ్చిన సంగతి ఊరిలో ఎవరికిని జ్ఞాపకము లేదు.

తప్పు ఎవరిది? కాంట్రాక్టరు ఎస్టిమేటులో ఉన్నది కట్టినాడు. ఇంజనీరు గారు ప్లానులో ఉన్నది కట్టించినారు. పంచాయతీ అడిగిన స్థలము ఇచ్చినది. మేము పిలిచిన సభకు వచ్చితిమి. ఎవరి పని వారు చేసిరి. చుట్టునున్న నేల మాత్రము ఎవరి పనియు కాకపోయినది.

భవనము చుట్టునున్న నేలను తీర్చిదిద్దుటను ఇంజనీర్లు ల్యాండ్‌స్కేపింగ్ అందురు. ఆ మాట వినగానే నగరములలోని పచ్చిక తివాచీలు, గుండ్రముగా కత్తిరించిన క్రోటన్లు, రంగుదీపముల ఫౌంటెన్లు మనకు కనుపించును. పల్లెలో ఆ ప్రస్తావన తెచ్చినచో ‘మనకెందుకండి ఆ సోకులు’ అందురు. వారు చెప్పునది నిజమే; ఆ సోకులు మనకు వద్దు. మేము చెప్పునది వేరు. వాన నీరు ఎటు పోవలెను, ఉన్న చెట్టు నిలుచునా, త్రవ్విన పైమట్టి ఏమగును, కొత్త మొక్కకు మూడు వేసవులు నీరు ఎవరు పోయుదురు? పునాదికి ముగ్గు పోయకముందే ఈ ప్రశ్నలకు కాగితము మీద జవాబు ఉండవలెనని మా మనవి.

ముందు నీటి లెక్క చూతము. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. ఇది జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన లెక్క మీరే వేయగలరు. అర ఎకరము, అనగా 50 సెంట్లు, సుమారు 2,000 చదరపు మీటర్లు. తుఫానునాడో, ఉరుములవానలోనో 50 మిల్లీమీటర్లు కురిసినదనుకొనుడు. ఆ అర ఎకరము మీద పడిన నీరు లక్ష లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరువది! చెట్లు, గడ్డి, గుల్లమట్టి ఉన్న నేల దీనిలో పెద్దభాగమును త్రాగును. కాంక్రీటు పదింట తొమ్మిది వంతులు దొర్లించివేయును. వైశాఖములో రెండు ట్యాంకర్ల కొరకై మండల కార్యాలయము చుట్టు తిరుగు మనమే ఆశ్వయుజములో ఇరువది ట్యాంకర్ల నీటిని పొరుగువారి గుమ్మములోనికి నెట్టివేయుచున్నాము.

కప్పుమీది నీరు వేరు. భవనపు కప్పు 100 చదరపు మీటర్లున్నచో, సంవత్సరమునకు 900 మిల్లీమీటర్ల వాన కురియుచోట దానిమీద పడునది 90,000 లీటర్లు. అనంతపురము వంటి తావున, సుమారు 550 మిల్లీమీటర్ల వానకు, 55,000 లీటర్లు. కొంత ఆవిరియై, కొంత పొర్లిపోయినను, మూడు వంతులకు పైగా గొట్టముల ద్వారా క్రిందికి వచ్చును. ఆ గొట్టము చివర ఏమున్నదో మీ ఊరి భవనమునకు పోయి చూడుడు. తరచుగా ఏమియు ఉండదు. నీరు పునాది ప్రక్కనే పడి, గోడ అడుగున పచ్చని నాచు పట్టి ఉండును.

ఇక నియమముల సంగతి. పెద్ద కట్టడములకు నియమములు లేకపోలేదు. అంతస్తులన్నియు కలిపి 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడములకు ముందుగా పర్యావరణ అనుమతి పొందవలెనని 2006లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. భవనములు పర్యావరణమునకు ఎంతవరకు అనుకూలముగా ఉన్నవో మార్కులు వేయుటకు ‘గృహ’ అను మదింపు పద్ధతిని 2007లో ఆమోదించినది; పైమట్టిని, ఉన్న చెట్లను కాపాడుట ఆ మార్కులలో చేరియున్నది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 నాటి కూర్పులో పదవ భాగము ఆవరణ తీర్చిదిద్దుటను గురించి చెప్పుచున్నది. ఇవన్నియు మంచివే. కాని మన పంచాయతీ భవనము 20,000 చదరపు మీటర్లలో నూరవ వంతుకు అటూ ఇటూగా ఉండును. ఏ అనుమతి అధికారియు దానిని చూచుటకు రాడు.

అమెరికా దేశపు ఉదాహరణ ఒకటి చెప్పెదము. అక్కడ 2007లో చేసిన ఇంధన చట్టములో ఒక సెక్షను కలదు. కేంద్ర ప్రభుత్వము 5,000 చదరపు అడుగులకు మించి ఏ కట్టడము చేపట్టినను, కట్టుటకు ముందు ఆ నేలమీద వాననీరు ఎంత ఇంకెడిదో, ఎంత పారెడిదో, కట్టిన తరువాతను సాధ్యమైనంతవరకు అట్లే ఉండవలెనని దాని సారాంశము. అందులో పూలమొక్కల మాట లేదు. నీటి మాటయే ఉన్నది. 5,000 చదరపు అడుగులనగా మన కొలతలో పదకొండున్నర సెంట్లు. అంత విశాలమైన దేశము పదకొండున్నర సెంట్లతో లెక్క మొదలుపెట్టినది!

మన రాష్ట్రములో 13 వేలకు పైగా గ్రామ పంచాయతీలు కలవు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల వ్యవస్థ మొదలైన పిమ్మట ఎన్నో ఊళ్లలో కొత్త భవనములు లేచినవి. అంతకు ముందునుండియు బడులు, ఉపకేంద్రములు, పశువైద్యశాలలు ఉన్నవి. పంచాయతీకి ఒక్క అర ఎకరము ప్రభుత్వ ఆవరణ అనుకొన్నను 6,500 ఎకరములు అగును. ఒక్కొక్కటి చిన్నదే గనుక పైవారి కంటికి ఆనదు. పైనుండి నియమము వచ్చువరకు వేచియుండవలెనా? అక్కరలేదని మా అభిప్రాయము. ఎందుచేతననగా పంచాయతీ స్థలము కావలసినచో శాఖవారు మొదట మీ తీర్మానము కొరకే వచ్చెదరు. ఆ తీర్మానములో మీరు వ్రాయు షరతే మీ ఊరికి నియమము.

దీనికి ఆధారము లేకపోలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పుడు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయముల పట్టిక పదకొండవ షెడ్యూలుగా చేర్చబడినది. నీటి యాజమాన్యము, సామాజిక వనములు, గ్రామపు ఉమ్మడి ఆస్తుల సంరక్షణ ఆ పట్టికలో ఉన్నవి. మీరందరు వాల్టా అని పిలుచు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, కొన్ని జాతులు తప్ప, చెట్టు కొట్టుటకు ముందు అనుమతి కావలెనన్నది. వాననీటిని ఇంకించు ఏర్పాట్లకు దారి చూపినది. పొరుగున తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికించు బాధ్యతను పంచాయతీల మీదనే ఉంచినది. నాటిన లెక్క కాక బ్రతికిన లెక్క అడుగుట దానిలోని విశేషము. మా శాఖకు కూడ అట్టి నియమముండినచో మా ఫొటోలు సగము తగ్గెడివి.

తీర్మానమున షరతు పెట్టినచో పని ఆగిపోవునని, నిధులు వెనుకకు పోవునని కొందరు భయపడుదురు. ఆ భయము అకారణమైనది కాదు; మార్చి నెల దగ్గర పడినప్పుడు అందరికి తొందరయే. అయినను మేము కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదము.

గోదావరి జిల్లాల ఎగువభాగమున ఒక గ్రామములో పంచాయతీ భవనమునకు స్థలము చూపుచున్నారు. సర్పంచి గారు, అసిస్టెంటు ఇంజనీరు గారు, నలుగురు సభ్యులు బల్లమీద ప్లాను పరచి చూచుచున్నారు. ఒక వార్డు సభ్యురాలు, ఏబది దాటిన ఆమె, వెనుకనుండి వంగి చూచి, ‘ఇంజనీరు గారూ, ఈ కాయితంలో మా చింతచెట్టు ఏదండీ?’ అని అడిగినది.

‘ప్లానులో చెట్లు వెయ్యమమ్మా, భవనమే వేస్తాం’ అని ఆయన నవ్వుచు చెప్పినారు.

‘మరి చెట్టున్న చోటే భవనం వేశారేమో మీకెట్టా తెలుస్తుందండీ?’

ఇంజనీరు గారు నవ్వుట మానినారు. టేపు తీసికొని అందరు స్థలమునకు పోయిరి. చెట్టు మొదలు సరిగా వరండా మెట్ల దగ్గర ఉన్నది. అప్పుడు ఆయన భవనమును తూర్పుగా జరిపి, సెప్టిక్ ట్యాంకును వెనుకవైపునకు మార్చి, అక్కడనే పెన్సిలుతో గీసినారు. దానికి పట్టినది ఒక పూట. అదనపు ఖర్చు లేదు. నేడు పనిమీద వచ్చినవారు ఆ చెట్టుక్రిందనే కూర్చుందురు. చింతకాయ వేలము పాట సొమ్ము పంచాయతీ పద్దులో జమ అగుచున్నది. ఆ ఇంజనీరు గారు ఆనాటినుండి తమ ప్లానులన్నిటను ఉన్న చెట్లను చుక్కలుగా గుర్తింపించుచున్నారని విన్నాము. అడిగినవారు లేక ఆయన ఇంతకాలము గుర్తింపలేదు, అంతే.

కావున స్థలము చూపుటకు ముందే పంచాయతీ వారు అచటి చెట్లను లెక్కపెట్టి, జాతి, చుట్టుకొలత వ్రాసి ఉంచుకొనవలెను. వేపను 2018లో మన రాష్ట్ర వృక్షముగా ప్రకటించుకొన్నాము. దానినే లారీ త్రిప్పుటకు కొట్టివేయుట శోభించునా? చెట్టును నిలిపిన మాత్రమున చాలదు. దాని మొదట సిమెంటు కలుపరాదు, కంకర కుప్ప పోయరాదు, కొమ్మల నీడ పడునంత మేర నేలను లోతుగా త్రవ్వరాదు. వేళ్లు తెగిన చెట్టు వెంటనే చావదు. రెండు మూడేండ్లకు ఎండును. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసికొని పోయియుండును.

పైమట్టి సంగతి రైతులైన మీకు మేము చెప్పవలసినది కాదు. పొలములో పై జానెడు మట్టి ఎవరైన ఎత్తుకొనిపోయినచో ఊరుకొందురా? భవన స్థలములో అదే మట్టిని పునాది మట్టితో కలిపి, పైన ఇటుక ముక్కలు, సిమెంటు తుక్కు పోసి, ఆ తుక్కులో మొక్క నాటి, అది చచ్చినచో ‘ఈ నేల మంచిది కాదు’ అందురు. మొదట పై అరడుగు మట్టిని తీసి ఒక మూల కుప్పవేసి, పని ముగిసిన పిదప తుక్కు ఎత్తించి, ఆ మట్టిని మరల పరపించుటకు ఎస్టిమేటులో ఒక్క పద్దు చాలును.

నీరు ఇంకు విధము నేలను బట్టి ఉండును. ఎర్రనేలలలో, గరుపనేలలలో ఇంకుడుగుంత బాగుగా పనిచేయును. గోడకు కనీసము మూడు మీటర్ల దూరమున త్రవ్వి, పెద్ద రాళ్లు, కంకర, ఇసుక వరుసగా నింపి, కప్పుమీది గొట్టమును దానిలోనికి విడువవలెను. మరుగుదొడ్డి నీరు దానిలో కలియరాదు. నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు. అక్కడ గుంతకంటె ఆవరణ వాలును సరిచేసి, నీటిని ఊరి చెరువునకో కుంటకో నడుపు కాలువ మేలు. కోనసీమ వంటి డెల్టా లంకలలో రెండు మూడు అడుగులకే నీరు తగులుచోట ఇంకుడుగుంత త్రవ్వుట వృథా. అక్కడ భవనమును, మొక్కల దిబ్బలను ఎత్తుచేసి, మురుగు పారుటకు దారి విడువవలెను. అన్ని జిల్లాలకు ఒకే నమూనా బొమ్మను అతికించినచో ఈ భేదము పోవును. మీ నేల ఏదో మీరే ఇంజనీరు గారికి చెప్పవలెను. నడకదారికి, బండి నిలుపు చోటుకు మాత్రము రాతిపలకలు పరచి, తక్కిన ఆవరణను మట్టిగా ఉంచుట అన్నిచోట్లను మంచిది.

ఏ మొక్క నాటవలెననునది తరచు వాదమునకు వచ్చు విషయము. తొందరగా పచ్చబడునది కావలెనని అందరికి ఆశ. 1877 ప్రాంతమున కడప జిల్లాలో అటవీశాఖ వారు విదేశపు గింజలు తెప్పించి ఒక తుమ్మను నాటించిరి. ఎండునేలలు పచ్చబడునని వారి తలంపు. పచ్చబడినమాట నిజమే. ఆ తుమ్మ చెరువు గర్భములలో, కాలువ గట్లమీద, బీళ్లలో ఎట్లు అల్లుకొన్నదో మీరెరుగుదురు. దాని పేరే సర్కారు తుమ్మ. సర్కారు తెచ్చినది గనుక ఆ పేరు వచ్చినది కాబోలు. సర్కారు ఉద్యోగులమైన మాకు ఆ పేరు విన్నప్పుడెల్ల కొంచెము తల వంగును. ఇటీవల కోనోకార్పస్ అను మొక్క వచ్చినది. త్వరగా పెరుగును, పశువులు ముట్టవు, ఎప్పుడును పచ్చగా ఉండును. అందుచేతనే రోడ్లవెంట, కార్యాలయములలో విరివిగా నాటిరి. పుప్పొడి వలన శ్వాసబాధ కలుగుననియు, వేళ్లు నీటి గొట్టములను చెరచుననియు ఫిర్యాదులు వచ్చినవి. తెలంగాణ దానిని నాటుట మాన్పించినది. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించినవి.

వేప, కానుగ, నేరేడు, చింత, ఉసిరి, మారేడు మన ఎండకు, మన వానకు అలవాటు పడినవి. సముద్రతీరమున పొన్న ఉప్పుగాలికి తట్టుకొనును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము మీద విరుచుకొనిపడినప్పుడు ఎన్ని చెట్లు కూలినవో తీరవాసులకు తెలియును. పెళుసు కొమ్మల చెట్టును బడి కప్పుమీదికి వంగునట్లు నాటరాదని ఆనాడు నేర్చుకొన్నాము. రావి, మర్రి గొప్ప వృక్షములే గాని గోడకు పది మీటర్లలోపున నాటరాదు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు చూచుటకు అందముగా ఉండును, పశువులు తినవు. కాని వాటి ఆకు, కాయ, పాలు విషము. బడిలోను అంగన్‌వాడీలోను వాటిని ఉంచనే కూడదు. మేము చూచిన బడులలో సగమునకు పైగా అవియే ఉన్నవని చెప్పుటకు విచారించుచున్నాము. కంచెకు గోరింట, వావిలి చాలును. వావిలిని మేకలు ముట్టవు.

పచ్చిక పరచుదమని ఎవరైన అన్నచో వారిచేత ఈ లెక్క వేయింపుడు. వేసవిలో పచ్చిక చదరపు మీటరుకు రోజునకు సుమారు 5 లీటర్ల నీరు కోరును. ఒక్క సెంటు పచ్చికకు 200 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారము పల్లెలో మనిషికి రోజునకు 55 లీటర్లు. అనగా సెంటు పచ్చిక దాదాపు నలుగురి వాటా త్రాగును. చెట్టు మొక్క ఒక్కొక్కదానికి వారమునకు రెండుసార్లు, సారికి 10 లీటర్ల చొప్పున పోసినచో, ఇరువది మొక్కలకు వారమునకు 400 లీటర్లు. ఇది ఆ పచ్చికకు రెండు రోజుల నీరు మాత్రమే. అడుగున చిల్లుపెట్టి వత్తి దూర్చిన మట్టికుండను మొక్క ప్రక్కన పాతినచో ఇంకను తగ్గును. మూడు వేసవులు గడచిన పిమ్మట ఆ నీరు కూడ అక్కరలేదు.

ఆ మూడు వేసవులే అసలు చిక్కు. ఎవరు పోయుదురు? ‘అందరము పోయుదము’ అన్నచోట ఎవరును పోయరు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద నాటిన చోట్ల కూలీకి మస్టరు ఉన్నంతకాలము నీరు అందెను. అది ఆగిన మరునాటినుండి బ్రతుకవలసినది మొక్కయే. మా అనుభవములో బ్రతికిన మొక్కలన్నియు ఏదో ఒక వాడుక నీటికి దగ్గరగా ఉన్నవే. కుళాయి దిమ్మె దిగువన, చేతులు కడుగు తావున, వంటగది వెనుక. ఆ వంటామె కడుగు మాకు నేర్పినది ఇదే. ఆవరణ ప్లాను గీయునప్పుడే ఈ నీరు మొక్కల పాదులలోనికి పారునట్లు చిన్న కాలువ గీయించినచో సగము మొక్కలకు మనిషి అక్కర తీరును. తక్కిన సగమునకు పేరుపెట్టి ఒకరిని నియమించి, వారికిచ్చు కూలి పద్దును బడ్జెటులో చూపవలెను.

కాంట్రాక్టరును కూడ విడువరాదు. భవనపు పనిలో బిల్లునుండి కొంత సొమ్ము డిపాజిట్టుగా ఆపి, లోపముల బాధ్యతాకాలము ముగిసిన తరువాత విడుదల చేయుట వాడుక. పైకప్పు కారినచో ఆయనయే బాగుచేయవలెను గదా! మొక్కలు, ఇంకుడుగుంత, ఆవరణ వాలు కూడ అదే బాధ్యతలో చేర్చవలెనని మీ తీర్మానమున కోరుడు. చచ్చిన మొక్క స్థానమున మరొకటి నాటనిదే ఆ భాగము సొమ్ము విడువరాదు. ఇది ఎస్టిమేటు తయారగుటకు ముందే చెప్పవలెను. టెండరు అయిన తరువాత అడిగినచో ఆయన కాదనుట న్యాయమే.

ఆకులు రాలునని, ఊడ్చువారు లేరని ఒక అభ్యంతరము తరచు వినుచున్నాము. నిజమే, వేప మాఘ ఫాల్గుణములలో బుట్టలకొలది ఆకు రాల్చును. ఒక మూల గుంతలో వేసినచో మరుసటి యేటికి ఎరువగును. ఊడ్చువారి కష్టము మాత్రము కష్టమే, దానిని మేము కాదనము. పొదలలో పాములు చేరుననునది కూడ సరియైన మాటయే. కిటికీలక్రింద, నడకదారి ప్రక్కన పొదలు వద్దు. చెట్లు మాత్రమే, క్రింది కొమ్మలు నరికినవి.

మీరు వాడుకొనుటకు ఒక తీర్మానపు నమూనా సిద్ధము చేసితిమి. చదివెదము, వినుడు.

‘ఫలాని సర్వే నెంబరులోని స్థలమును భవన నిర్మాణము నిమిత్తము ఇచ్చుటకు ఈ పంచాయతీ అంగీకరించుచున్నది. ఆ స్థలములోని ఈ క్రింది చెట్లను ప్లానులో గుర్తించి నిలుపవలెను. తప్పనిసరిగా తొలగింపవలసినదానికి కారణము వ్రాసి, అనుమతి పొంది, పంచాయతీకి తెలుపవలెను. పైమట్టిని వేరుగా తీసియుంచి మరల పరపింపవలెను. కప్పుమీది నీరు, ఆవరణలోని నీరు పొరుగు స్థలములోనికి పోక ఇంకునట్లో, చెరువు చేరునట్లో ఏర్పాటు చేయవలెను. నడకదారి, బండి నిలుపు చోటు తప్ప తక్కిన నేలను కాంక్రీటుతో కప్పరాదు. నాటదగిన మొక్కల జాబితా ఈ తీర్మానమునకు జతపరచడమైనది. ఈ పనులన్నిటికి ఎస్టిమేటులో పద్దులు చూపి, బాధ్యతాకాలము ముగియువరకు కాంట్రాక్టరు పూచీలో ఉంచవలెను. తదుపరి వేసవులలో నీరు పోయు బాధ్యత ఫలానివారిది.’

ఇంతే. ప్రతులు ద్వారము ప్రక్కనున్న బల్లమీద ఉంచితిమి. పంచాయతీకి ఒక్కటి చొప్పున తీసికొనుడు. సర్వే నెంబరు, చెట్ల జాబితా, చివరి వాక్యములోని పేరు, ఈ మూడు చోట్ల ఖాళీ విడిచితిమి. అవి మీ ఊరివారే పూరింపవలసినవి.